రోమ్‌లో రాసిన పట్టా

2022 జూలై 28న కెనడాలోని క్యుబెక్ నగరం దగ్గర ఒక పెద్ద చర్చిలో పోప్ ఫ్రాన్సిస్ ప్రార్థన మొదలుపెట్టబోతుండగా ఇద్దరు మూలవాసీ మహిళలు ముందుకొచ్చి బ్యానర్ విప్పారు. ‘ఆ సిద్ధాంతాన్ని రద్దు చేయండి’ అని దానిమీద రాసి ఉంది. ఎనిమిది నెలల తర్వాత, 2023 మార్చి 30న, వాటికన్ జవాబు చెప్పింది. ‘డిస్కవరీ సిద్ధాంతం’ క్యాథలిక్ బోధనలో భాగం కాదని, దాన్ని తిరస్కరిస్తున్నామని ప్రకటించింది. 15వ శతాబ్దంలో పోప్‌లు ఇచ్చిన కొన్ని శాసనాలు మూలవాసుల గౌరవాన్ని, హక్కులను సరిగ్గా గుర్తించలేదని ఒప్పుకుంది. ఆ శాసనాలను రాజ్యాలు తమ రాజకీయాలకు వాడుకున్నాయని కూడా అంది.

ఆ సిద్ధాంతం ఏమిటో రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఒక క్రైస్తవ రాజు పంపిన ఓడ, అంతకుముందు మరో క్రైస్తవ రాజు మనుషులెవరూ అడుగుపెట్టని నేలకు చేరితే, ఆ నేల మీద హక్కు ఆ రాజుదే. అక్కడ తరతరాలుగా బతుకుతున్నవాళ్లకు ఉండనిచ్చినంత కాలం ఉండే హక్కు తప్ప సొంతదారు హక్కు లేదు. ఇంత మొండి వాదనను ఎవరో పండితుడు ఒక్క రోజు కూర్చుని రాసి ఉంటాడని అనిపిస్తుంది. నిజానికి ఇది ఇద్దరు పొరుగు రాజుల తగాదా తీర్చడానికి ముక్కలు ముక్కలుగా పుట్టింది. ఆ తగాదాతో ఏ సంబంధమూ లేనివాళ్ల నెత్తిన పడింది.

ఆ ఇద్దరూ పోర్చుగల్, కాస్టీల్ (ఇప్పటి స్పెయిన్‌లో పెద్ద భాగం). పక్కపక్క రాజ్యాలు, ఒకే మతం, రాజకుటుంబాల మధ్య పెళ్లి సంబంధాలు, వాటితోపాటే దాయాదుల పోరు. 1415లో పోర్చుగల్ రాజు మొదటి జువావ్ మొరాకో తీరంలోని స్యూటా రేవును పట్టుకున్నాడు. సహారా దాటి ఒంటెల మీద బంగారం వచ్చే రేవుల్లో స్యూటా ఒకటి. ఒంటెల దారిని వదిలేసి, సముద్రం మీదుగా ఆ బంగారం పుట్టే చోటికే పోదామని రాజు కొడుకు హెన్రీ ఆఫ్రికా పడమటి తీరం వెంబడి ఓడలు పంపడం మొదలుపెట్టాడు. పుస్తకాల్లో ఈయన్ని ‘నావికుడు హెన్రీ’ అంటారు గానీ, ఆ అన్వేషణ ఓడల్లో ఒక్కదాన్నీ ఆయన ఎక్కలేదు. 1434లో ఆయన మనిషి జిల్ ఎయానిష్ బొజదోర్ అగ్రం దాటాడు. దాని అవతల నుంచి తిరిగి రాలేమని నావికులు భయపడే చోటు అది.

మొదటి తగాదా మాత్రం అంత దూరంలో కాదు, కానరీ దీవుల దగ్గర వచ్చింది. అక్కడ మేకలు కాచుకుంటూ, బార్లీ పండించుకుంటూ, ఇనుము ఎరగని జనం ఉండేవాళ్లు. 1402 నుంచి కాస్టీల్ పేరుతో కొందరు ఆ దీవులను ఒక్కొక్కటే ఆక్రమిస్తూ వచ్చారు. పోర్చుగల్ కూడా అవి తమకే కావాలంది. మధ్యలో దీవివాసులను పట్టుకుపోయి అమ్ముకునే వ్యాపారం ఊపందుకుంది. క్రైస్తవం తీసుకున్నవాళ్లను కూడా వదలడం లేదని తెలిసి 1435లో పోప్ నాలుగవ యుజీన్ కోప్పడ్డాడు. 15 రోజుల్లో వాళ్లను విడిచిపెట్టాలని, లేదంటే వెలివేస్తానని శాసనం పంపాడు. బానిసల వేట ఆగలేదు. పోప్ మాట ఆ రోజుల్లో ఎప్పుడు చెల్లేదో, ఎప్పుడు చెల్లేది కాదో ఇక్కడే కొంత అర్థమవుతుంది.

1444 ఆగస్టు 8న పోర్చుగల్ దక్షిణాన ఉన్న లాగుష్ రేవులో 235 మంది ఆఫ్రికా బందీలను ఓడల్లోంచి దించారు. ఊరి బయట మైదానంలో నిలబెట్టి అయిదు వాటాలు వేశారు. వాటాలు సమంగా రావాలి కాబట్టి తండ్రిని కొడుకు నుంచి, భర్తను భార్య నుంచి విడదీశారు. తల్లులు పిల్లలను గట్టిగా పొదువుకుని నేలమీద బోర్లా పడి, దెబ్బలు తింటూ కూడా వదల్లేదు. చూడటానికి ఊరంతా పని మానుకుని వచ్చింది. గుర్రం మీద కూర్చుని చూస్తున్న హెన్రీ తన అయిదో వాటాగా వచ్చిన 46 మందిని అక్కడికక్కడే ఇతరులకు పంచేశాడు. ఇన్ని ఆత్మలు మోక్షం పొందబోతున్నాయన్నదే ఆయన సంతోషమట. ఇదంతా రాసింది శత్రువు కాదు, పోర్చుగల్ ఆస్థాన చరిత్రకారుడు జురారా. ఆ దృశ్యానికి తన మనసు కరిగిందని రాస్తూనే, ఆ పని మంచిదేనని కూడా రాశాడు.

పోప్ కాగితం దీని తర్వాత వచ్చింది. 1452 జూన్ 18న పోప్ అయిదవ నికలస్, పోర్చుగల్ రాజు అయిదవ అఫోన్సోకు ఒక శాసనం ఇచ్చాడు. ముస్లింలను, అన్యమతస్థులను, క్రీస్తు శత్రువులను ఎక్కడున్నా జయించి, వాళ్ల రాజ్యాలను, ఆస్తులను స్వాధీనం చేసుకుని, వాళ్లను శాశ్వత బానిసత్వంలోకి దించే అధికారం అందులో ఉంది. ఒట్టోమన్ తుర్కులు కాన్‌స్టాంటినోపుల్ మీదికి రాబోతున్న కాలం. రోమ్‌కు యుద్ధానికి వచ్చే రాజులు కావాలి. మరుసటి ఏడాదే ఆ నగరం పడిపోయింది. అఫోన్సో మాత్రం ఆ అధికారాన్ని ప్రధానంగా ఆఫ్రికా తీరంలో వాడుకున్నాడు.

అసలు పట్టా 1455 జనవరి 8న వచ్చింది. హెన్రీ ఓడల కథంతా ముందు చెప్పి, బొజదోర్ అగ్రం నుంచి గినీ (అప్పట్లో పశ్చిమ ఆఫ్రికా తీరానికి పేరు) మీదుగా దక్షిణాన ఎంత దూరమైతే అంత దూరం పోర్చుగల్‌దేనని నికలస్ రాసిచ్చాడు. ఈ పత్రం భయపెట్టింది ఆఫ్రికా వాళ్లను కాదు, వాళ్లకు ఇది చేరను కూడా లేదు. పోర్చుగల్ అనుమతి లేకుండా అటు వెళ్లి వ్యాపారం చేసే ఇతర క్రైస్తవులను, అంటే కాస్టీల్ వాళ్లను. అందులోనే ఒక మాట మన దేశానికి తగులుతుంది. క్రీస్తు నామాన్ని కొలుస్తారని చెప్పే ఇండియన్ల దాకా సముద్రమార్గం తెరవాలని హెన్రీ ఆశించాడట. మరుసటి ఏడాది తర్వాతి పోప్ మూడవ కలిక్స్‌టస్, ఇండియన్ల దాకా ఉన్న ఆ ప్రాంతాలపై మతాధికారాన్ని హెన్రీ పెద్దగా ఉన్న ‘క్రీస్తు సంఘం’ అనే సైనిక మఠానికి అప్పగించాడు. వాస్కో డ గామా కోళికోడ్ చేరడానికి అప్పటికి ఇంకా 42 ఏళ్లుంది.

1479లో రెండు రాజ్యాలూ అల్కసోవాస్‌లో రాజీ పడ్డాయి. కానరీలు కాస్టీల్‌కు, గినీ, మదీరా, అజోర్స్, కేప్ వెర్డే పోర్చుగల్‌కు. తగాదా తీరిందనుకునేలోపు 1493 మార్చిలో తుఫాను తాకిడికి కొలంబస్ ఓడ లిస్బన్ దగ్గర ఆగింది. పోర్చుగల్ రాజు రెండవ జువావ్ ఆయన్ను పిలిపించుకుని అంతా విని, ఒప్పందం ప్రకారం నువ్వు చూసొచ్చిన నేల నాదే అన్నాడు. కొలంబస్‌ను పంపిన కాస్టీల్ రాణి ఇసబెల్లా, ఆమె భర్త అరగాన్ రాజు ఫెర్డినాండ్ వెంటనే రోమ్ వైపు తిరిగారు. వాళ్లిద్దరి రాజ్యాలూ కలిపే ఇక్కడి నుంచి స్పెయిన్ అంటున్నాం. అప్పటి పోప్ ఆరవ అలెగ్జాండర్ వలెన్సియా ప్రాంతం వాడే, అంటే ఫెర్డినాండ్ ఏలే గడ్డవాడే. 1493 మే 4 తేదీతో ఉన్న శాసనంలో ఆయన అజోర్స్, కేప్ వెర్డే దీవులకు 100 లీగుల (లీగు అంటే సుమారు అయిదారు కిలోమీటర్లు) పడమర నిలువునా ఒక గీత గీసి, ఆ అవతలిది స్పెయిన్‌కు ఇచ్చాడు. జువావ్ ఒప్పుకోలేదు. 1494 జూన్ 7న తోర్దెసిల్లాస్‌లో రెండు రాజ్యాలూ నేరుగా బేరమాడుకుని గీతను కేప్ వెర్డేకు 370 లీగుల పడమరకు జరిపాయి. ఆ జరపడంలోనే, అప్పటికి ఎవరూ పోర్చుగల్ పేరుతో చేరని బ్రెజిల్ తూర్పు ముక్క పోర్చుగల్ వాటాలోకి పోయింది.

సముద్రం మీద తూర్పు పడమరల దూరం కచ్చితంగా కొలిచే సాధనం అప్పట్లో లేదు, 18వ శతాబ్దం దాకా రాలేదు. ఎక్కడుందో తెలియని హద్దు కోసం రెండు రాజ్యాలు తరాలపాటు కొట్లాడాయి. గీత భూగోళానికి అవతలి వైపు ఎక్కడ పడుతుందో తేలక, 1529లో స్పెయిన్ మసాలా దీవులపై (ఇప్పటి ఇండోనేషియాలోని మలుకు దీవులు) తన వాదనను 3,50,000 డ్యుకాట్ల బంగారు నాణేలకు పోర్చుగల్‌కు వదులుకుంది. తర్వాత తేలిందేమిటంటే, ఆ దీవులు ముందు నుంచీ పోర్చుగల్ వైపే ఉన్నాయి. చెల్లించిన డబ్బు దండగ.

ఆ నేలల మీద ఉన్నవాళ్లకు ఈ వ్యవహారం ఎప్పుడు తెలిసింది? స్పెయిన్ దానికీ ఒక పద్ధతి పెట్టింది. 1513లో పలాసియోస్ రూబియోస్ అనే న్యాయపండితుడు ఒక హెచ్చరిక పత్రం తయారుచేశాడు. దేవుడు లోకాన్ని సృష్టించాడు, సెయింట్ పీటర్‌ను మనుషులందరికీ పెద్దగా పెట్టాడు, ఆయన స్థానంలో కూర్చున్న పోప్ ఈ దేశాన్ని మా రాజుకిచ్చాడు. ఒప్పుకుంటే మంచిది, లేదంటే యుద్ధం చేస్తాం, మీ పెళ్లాం పిల్లలను బానిసలుగా పట్టుకుపోతాం, ఆ చావులకూ నష్టాలకూ తప్పు మీదే. దాడికి ముందు దీన్ని చదివి, నోటరీ చేత చదివినట్టు రాయించుకోవాలి. చదివేది స్పానిష్‌లో. 1514లో ఇప్పటి కొలంబియా తీరంలో ఓవియెదో అనే అధికారి చేత దీన్ని మోయించి ఊళ్లోకి పంపితే, ఆ ఊళ్లో ఒక్క మనిషీ లేడు. ఆయన తిరిగొచ్చి సేనాని పెద్రారియాస్‌తో అన్నాడు: ఈ శాస్త్రం వినడానికి వీళ్లు సిద్ధంగా లేరు, ఒకణ్ణి పట్టి బోనులో పెట్టేదాకా కాగితాన్ని దాచండి, అప్పుడు తీరిగ్గా నేర్చుకుంటాడు, బిషప్ గారు అర్థం చెబుతారు. చుట్టూ ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారట.

దుబాసీ ద్వారా విన్నవాళ్లూ లేకపోలేదు. సెనూ అనే చోట ఇద్దరు పెద్దలకు ఇది చెప్పించానని ఎన్‌సీసో అనే స్పానిష్ అధికారి రాశాడు. ఒక్క దేవుడే ఉన్నాడన్నది బాగానే ఉంది గానీ, తనది కాని దాన్ని ఇచ్చేసిన ఆ పోప్ తాగి ఉండాలి, ఇంకొకరి సొమ్ము అడిగి తీసుకున్న ఆ రాజుకు పిచ్చి పట్టి ఉండాలి అని వాళ్లు జవాబిచ్చారట. ఆ సిద్ధాంతం మీద తర్వాత ఎన్ని వ్యాసాలు వచ్చినా, ఇంతకంటే సూటిగా చెప్పినవాళ్లు నాకు కనబడలేదు.

మతం పుచ్చుకుని, పోర్చుగల్‌తో స్నేహం చేసిన వాళ్లకైనా రక్షణ దొరికిందా అంటే, కాంగో రాజ్యం కథ చూడాలి. 1491లో అక్కడి రాజు బాప్తిస్మం తీసుకున్నాడు. ఆయన కొడుకు మొదటి అఫోన్సో చర్చిలు, బడులు పెట్టించాడు, పోర్చుగీసులో ఉత్తరాలు రాయించాడు, ఆయన కొడుకు హెన్రీక్ బిషప్ కూడా అయ్యాడు. 1526లో అదే అఫోన్సో లిస్బన్‌కు మొర పెట్టుకున్నాడు: మీ వర్తకులు రోజూ మా జనాన్ని, మా పెద్దింటి బిడ్డలను, మా చుట్టాలను కూడా ఎత్తుకుపోతున్నారు, దేశం ఖాళీ అవుతోంది, మాకు పూజారులను, బడి పంతుళ్లను పంపండి, పూజకు కావలసిన ద్రాక్షసారా, పిండి చాలు, ఇంకే సరుకూ వద్దు. వ్యాపారం ఆగలేదు.

ఇండియా దాకా వచ్చిన పోర్చుగీసులు కోళికోడ్‌లో గుడిని చర్చి అనుకుని మోకరిల్లారు. గోడల మీది ‘సెయింట్ల’కు కోరలు, నాలుగైదు చేతులు ఉన్నాయని వాళ్లలో ఒకరు రాసిపెట్టుకున్నారు. 1499లో రాజు మాన్యుయెల్ తన బిరుదుల్లో ‘ఇథియోపియా, అరేబియా, పర్షియా, ఇండియాల విజయ, నౌకాయాన, వాణిజ్యాలకు ప్రభువు’ అని చేర్చుకున్నాడు. అప్పటికి ఇండియాలో ఆయనకు సెంటు భూమి లేదు. అయినా ఆ బిరుదు ఉత్త గొప్ప కాలేదు. మా అనుమతి చీటీ లేని ఓడ దొంగ ఓడేనని పట్టుకోవడం మొదలైంది. అక్బర్ కాలంలో మక్కాకు వెళ్లే యాత్రికుల ఓడలకూ ఆ చీటీ తప్పలేదు. దానిమీద మేరీ, యేసు బొమ్మలు ఉండటంతో అసలు యాత్రకు వెళ్లొచ్చా లేదా అని మౌల్వీలు వాదించుకున్నారు. ఇక 1455 పత్రం ఆశపడిన ‘క్రీస్తును కొలిచే ఇండియన్లు’ కేరళలో నిజంగానే దొరికారు. వాళ్ల పూజా విధానం సిరియా సంప్రదాయంది. 1599లో ఉదయంపేరూర్ సభలో దాన్ని మార్చి రోమ్ పద్ధతిలోకి తెచ్చారు. వాళ్లు 1653లో మట్టాంచేరిలో శిలువ సాక్షిగా ఎదురుతిరిగారు.

వాటికన్ ఇప్పుడు గుర్తుచేసే మరో శాసనం ఉంది. 1537లో పోప్ మూడవ పాల్, మూలవాసులు క్రైస్తవులు కాకపోయినా వాళ్ల స్వేచ్ఛను, ఆస్తిని లాక్కోకూడదని ప్రకటించాడు. నిజమే, గొప్ప మాటే. కానీ దాన్ని అతిక్రమించినవాళ్లకు శిక్ష చెప్పే పత్రాన్ని మరుసటి ఏడాదే చక్రవర్తి అయిదవ చార్లెస్ ఒత్తిడికి వెనక్కి తీసుకున్నాడు. రాజులు వాడుకున్నారన్న వాటికన్ వాదన సగమే నిజం: అడిగింది రాజులే, ముద్ర మాత్రం రోమ్‌ది.

పోప్ అధికారాన్ని లెక్కచేయని రాజులు కూడా లోపలి సరుకును మాత్రం ఉంచుకున్నారు. 1496 మార్చి 5న ఇంగ్లండ్ రాజు ఏడవ హెన్రీ, జాన్ కాబట్‌కు ఇచ్చిన పత్రంలో రోమ్ ఊసు లేదు. క్రైస్తవులెవరికీ అంతవరకూ తెలియని అన్యమతస్థుల నేలలను కనుక్కుని తన పేరున స్వాధీనం చేసుకోమని ఉంది. 1823లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు ఒక భూమి కేసు వచ్చింది. పియాంకెషా తెగ నుంచి నేరుగా కొన్నవాళ్లు ఒక పక్క, అమెరికా ప్రభుత్వం నుంచి కొన్న మెకింటాష్ ఇంకో పక్క. ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ కాబట్ పత్రం దగ్గర నుంచి చరిత్రంతా తవ్వి, ‘కనుక్కున్న’ రాజ్యానిదే భూమి, తెగలకు ఉండే హక్కే గానీ ఇష్టం వచ్చినవాళ్లకు అమ్మే హక్కు లేదని తేల్చాడు. జనం ఉన్న దేశాన్ని కనుక్కున్నామని గెలుచుకున్నట్టు లెక్కవేయడం అతిగా అనిపించవచ్చని తీర్పులోనే ఒప్పుకున్నాడు. అయినా దేశమంతా దాని మీదే భూములు పొందింది కాబట్టి, ఇక అదే చట్టం అన్నాడు.

వాటికన్ ప్రకటన ఈ తీర్పును తాకలేదు, తాకే అధికారం దానికి లేదు కూడా. న్యూయార్క్ రాష్ట్రంలో ఒనైడా తెగ వాళ్లు తమ పాత రిజర్వేషన్‌లోని (తెగకు కేటాయించిన భూమిలోని) కొన్ని ముక్కలను 1990లలో మార్కెట్ ధరకు తిరిగి కొనుక్కుని, ఇది మా స్వయంపాలన నేల, షెరిల్ పట్టణానికి ఆస్తిపన్ను కట్టం అన్నారు. 2005లో సుప్రీంకోర్టు ఒక్క న్యాయమూర్తి తప్ప అందరి మాటగా వాళ్లకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. తీర్పు రాసింది హక్కుల కోసం పోరాడిందని పేరున్న రూత్ బేడర్ గిన్స్‌బర్గ్. ఆమె మొదటి ఫుట్‌నోట్‌లో డిస్కవరీ సిద్ధాంతాన్నే ఉటంకించారు. ఒనైడాలు కొన్న ముక్కలకు పన్ను కట్టాల్సిందేనని తేలింది.