నాలుగు పిచ్‌ల దూరం: కెంట్ స్టేట్ కాల్పులపై అపోహలు - వాస్తవాలు

హైస్కూల్లో సోషల్ చెప్తాను. వియత్నాం యుద్ధం మాట వచ్చిందంటే పాఠం కాసేపు పక్కన పెట్టి అమెరికాలోని ఒహాయో రాష్ట్రానికి వెళ్తాం. 1970 మే 4న అక్కడి కెంట్ స్టేట్ యూనివర్సిటీలో ఆ యుద్ధానికి వ్యతిరేకంగా విద్యార్థులు నిరసన చేస్తుంటే, నేషనల్ గార్డ్ (రాష్ట్ర రిజర్వు సైన్యం) సైనికులు కాల్పులు జరిపారు. నలుగురు విద్యార్థులు చనిపోయారు, తొమ్మిది మంది గాయపడ్డారు. పిల్లలూ, అప్పుడప్పుడు తోటి టీచర్లూ ఈ ఘటన గురించి అనే మాటలే కింద రాస్తున్నాను.

అపోహ: ఇలాంటివి పిల్లలకు చెప్తే భయపడతారు.

నేనూ అలాగే అనుకుని మొదట్లో ‘నలుగురు మరణించారు’ అని ఒక్క ముక్కలో తేల్చేసేదాన్ని. పిల్లలు రాసుకున్నారు, మర్చిపోయారు. వాళ్లకు భయం లేదు సరే, ఏమీ అర్థం కూడా కాలేదు. ఇప్పుడు రక్తం, ఏడుపుల జోలికి పోకుండా దూరాలూ సెకన్లూ మాత్రం చెప్తున్నాను.

అపోహ: విద్యార్థులు మీద పడబోతుంటే ప్రాణభయంతో కాల్చారు.

ఎక్కువ వాదన జరిగేది దీని మీదే. రాళ్లు పడిన మాట నిజం. ప్రాణభయంతోనే కాల్చామని సైనికులు చెప్పిన మాటా నిజమే. అది దాచకూడదు. ఆ తర్వాత అందరినీ గ్రౌండ్‌కి తీసుకెళ్తాను. క్రికెట్ పిచ్ పొడవు సుమారు 20 మీటర్లని పిల్లలందరికీ తెలుసు. గాయపడిన వాళ్లలో అందరికన్నా దగ్గరున్న విద్యార్థి సైనికులకు దాదాపు ఒక పిచ్ దూరంలో ఉన్నాడు. చనిపోయిన జెఫ్రీ మిల్లర్ నాలుగు పిచ్‌ల అవతల, అలిసన్ క్రాస్ అయిదు దాటి, విలియం ష్రోడర్, సాండ్రా షోయర్ దాదాపు ఆరు పిచ్‌ల దూరంలో ఉన్నారు. ఒకమ్మాయిని ఆరు పిచ్‌ల అవతల నిలబెట్టి, ‘ఇక్కణ్ణుంచి రాయి వేస్తే తగులుతుందా?’ అని అడుగుతాను. మా టీమ్‌లో త్రో బాగా వేసేవాడు బంతి విసిరి చూశాడు. సగం దాటి కొంచెం దూరం పోయి పడింది. తర్వాత 13 సెకన్లు ఎవరూ మాట్లాడకుండా నిలబడతాం. 28 మంది సైనికులు 67 గుళ్లు పేల్చింది అంత సేపట్లోనే. విచారణకు ప్రెసిడెంట్ నిక్సన్ వేసిన కమిషనే ఆ కాల్పులు అనవసరం, అసమంజసం, క్షమించరానివి అని తేల్చింది.

అపోహ: చనిపోయిన నలుగురూ నిరసనకారులే.

మిల్లర్, క్రాస్ నిరసనలో ఉన్నారు. షోయర్ క్లాసుకు నడిచి వెళ్తోంది. ష్రోడర్ అయితే సైన్యానికి ఆఫీసర్లను తయారుచేసే ఆర్‌వోటీసీలో శిక్షణ పొందుతున్నాడు. మన ఎన్‌సీసీ కుర్రాడి లాంటివాడన్న మాట. నలుగురి వయసూ 19, 20 ఏళ్లే.

అపోహ: బిల్డింగ్ తగలబెట్టారు కాబట్టి కాల్చారు.

ఆ ఆర్‌వోటీసీ భవనం కాలింది మే 2 రాత్రి. కాల్పులు జరిగింది మే 4 మధ్యాహ్నం. వియత్నాం పక్కనున్న కంబోడియాలోకి కూడా సైన్యాన్ని పంపుతున్నామని ఏప్రిల్ 30న నిక్సన్ ప్రకటించడంతో గొడవ మొదలైంది. ఈ మూడు తేదీలూ బోర్డు మీద వరసగా రాస్తే చాలు.

అపోహ: ఈ ఘటనది అని అందరూ చూసే ఫొటోలో శవం పక్కన మోకరిల్లి అరుస్తున్నది చనిపోయినవాడి చెల్లెలు.

కాదు. ఆ అమ్మాయి పేరు మేరీ ఆన్ వెక్కియో. ఆమె ఆ యూనివర్సిటీ విద్యార్థిని కూడా కాదు. ఇంట్లోంచి వెళ్లిపోయి వచ్చిన 14 ఏళ్ల పిల్ల. ఈ మాట చెప్పేసరికి మా తొమ్మిదో తరగతి వాళ్లు ఒక్కసారి సర్దుకుని కూర్చుంటారు, తమ ఈడు పిల్ల కదా.

అపోహ: దేశమంతా విద్యార్థుల పక్షానే నిలిచింది.

వందల కాలేజీల్లో సమ్మెలు జరిగాయి. అయినా గాలప్ అనే సంస్థ అప్పట్లో చేసిన ప్రజాభిప్రాయ సర్వేలో 58 శాతం మంది తప్పు విద్యార్థులదే అన్నారు. గార్డ్‌ని తప్పుపట్టింది 11 శాతమే.

పదకొండు రోజులకే మిసిసిపీ రాష్ట్రంలోని నల్లజాతి విద్యార్థుల కాలేజీ జాక్సన్ స్టేట్‌లో పోలీసుల కాల్పులకు ఇద్దరు కుర్రాళ్లు చనిపోయారు. దాని గురించి అపోహలు కూడా లేవు, ఎందుకంటే ఎవరూ పెద్దగా చెప్పుకోలేదు.

చివర్లో ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరు అడుగుతారు: ‘ఎవరికి జైలు పడింది మేడమ్?’

ఎవరికీ పడలేదు. 1974లో ఎనిమిది మంది సైనికుల మీద పెట్టిన కేసును జడ్జి కొట్టేశారు. 1979లో సివిల్ కేసు రాజీ అయ్యింది. బాధితులందరికీ కలిపి 6,75,000 డాలర్లు, దాంతోపాటు విచారం తెలుపుతూ ప్రతివాదులు సంతకాలు చేసిన ఒక కాగితం.

‘అంటే సారీ చెప్పినట్టేనా?’ అని మొన్న ఒకడు అడిగాడు. అవునని సగం క్లాసు, కాదని సగం క్లాసు. బెల్లు కొట్టినా తేలలేదు.