యువ చెఫ్‌లు, వెయిటర్ల పోటీలకు దాతల డబ్బు: అపోహలు - వాస్తవాలు

బ్రిటన్‌లో రెస్టారెంట్ సర్వీస్ నేర్పడం నా పని. కుర్ర వెయిటర్లను పోటీలకు తయారు చేయడం అందులో నాకు బాగా ఇష్టమైన భాగం. "హోటళ్ళ పోటీలకు ఛారిటీ డబ్బు ఎందుకండీ, అదేదో ఆకలితో ఉన్నవాళ్ళకు పెట్టొచ్చుగా?" అని మనవాళ్ళు అడుగుతుంటారు. సబబైన ప్రశ్నే. కానీ దాని వెనక కొన్ని అపోహలున్నాయి.

అపోహ: ఆ డబ్బంతా గెలిచినవాళ్ళ ప్రైజుకే పోతుంది.

అసలు ఖర్చు ఫైనల్‌కి చాలా ముందే మొదలవుతుంది. వండిన బాతును అతిథి ముందు ముక్కలుగా కోసి వడ్డించడం ఒక టాస్క్ అనుకోండి. ప్రాక్టీస్ చేసిన ప్రతిసారీ ఒక బాతు కావాలి. తొలి రౌండ్లు వేరే ఊళ్ళో ఉంటే రైలు టికెట్, ఒక రాత్రి బస. పోటీ రోజున షిఫ్ట్ పోతుంది, దాంతోపాటు జీతం, టిప్పులు. పెద్ద హోటల్లో పనిచేసే అమ్మాయికి ఇవన్నీ హోటలే చూసుకుంటుంది, నేర్పడానికి సీనియర్లూ ఉంటారు. నలుగురైదుగురితో నడిచే చిన్న రెస్టారెంట్‌లో ఒకరు సెలవు పెడితే ఆ పూట సర్వీసే కుంటుపడుతుంది. ఓనర్‌ది తప్పని నేననను, ఆయన దగ్గర మనుషులే లేరు. ఈ తేడాను తగ్గించడానికే దాతల డబ్బు కావాలి. శిక్షణ రోజులకు, సరుకులకు, ప్రయాణాలకు అది అందకపోతే ఫైనల్‌లో పెద్ద హోటళ్ళ పిల్లలే మిగులుతారు.

ప్రైజు కూడా మంచి పోటీల్లో చదువు లాంటిదే. బ్రిటన్‌లో రూ (Roux) అనే ఇంటిపేరున్న చెఫ్ సోదరులు యువ చెఫ్‌ల కోసం పెట్టిన పోటీ, రూ స్కాలర్‌షిప్, స్పాన్సర్ల డబ్బుతో నడుస్తుంది. అయినా దాని అసలు బహుమతి పేరున్న వంటగదిలో పని నేర్చుకునే అవకాశం. 1984లో మొదటి విజేత ఆండ్రూ ఫెయిర్లీ అలాగే ఫ్రాన్స్‌లో పేరున్న చెఫ్ మిషెల్ గెరార్ దగ్గరికి వెళ్ళాడు. తర్వాత స్కాట్లాండ్‌లో తన పేరుతో పెట్టిన రెస్టారెంట్‌కి రెండు మిషెలిన్ స్టార్లు (మేటి రెస్టారెంట్లకు మిషెలిన్ గైడ్ ఇచ్చే గుర్తింపు) వచ్చాయి.

అపోహ: చెఫ్‌లకైతే సరే, వెయిటర్‌కి పోటీ ఏమిటి? ప్లేట్లు మోయడమేగా.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ మాటే. వరల్డ్‌స్కిల్స్ అనే అంతర్జాతీయ వృత్తి నైపుణ్యాల పోటీలో రెస్టారెంట్ సర్వీస్ ఒక ప్రత్యేక విభాగం, వంట ఇంకో విభాగం. సర్వీస్ పోటీలో అతిథి ముందే మాంసం కోసి వడ్డించాలి, ఫ్లాంబే (వంటకం మీద మద్యం పోసి మంట అంటించడం) చేయాలి, వైన్ తెరిచి పోయాలి, కాఫీలు, కాక్‌టెయిల్స్ చేయాలి. ఇవన్నీ చేస్తూనే పక్క టేబుల్ అతిథి కళ్ళతో వెతుకుతుంటే గమనించాలి. ఎవరికైనా వేరుశనగ అలర్జీ ఉందంటే ఆ సంగతి వంటగదికి చేరిందో లేదో చూసుకోవాలి. చెఫ్ చేసినది ఫోటోలో కనిపిస్తుంది, వెయిటర్ చేసినది కనిపించదు. దాతల చూపు వంటవైపు తేలిగ్గా మళ్ళడానికి అదొక కారణమని నా అభిప్రాయం. కాబట్టి సాయం కావాలని సర్వీస్ వాళ్ళే ఇంకా గట్టిగా అడగాలి.

ఇక్కడ చదువుకుంటూ రెస్టారెంట్లలో పార్ట్‌టైమ్ చేసే తెలుగు పిల్లలు చాలామందే ఉన్నారు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు "సర్వర్‌గా చేస్తున్నా" అని చెప్పడానికి కొందరు వెనకాడతారు. ఆ ఇబ్బంది వాళ్ళకు ఉండకూడదని మనసారా కోరుకుంటాను. ఇదొక విద్య, దీనికి అంతర్జాతీయ పోటీ ఉంది.

అపోహ: గెలిచేది ఒక్కరే, మిగతావాళ్ళ మీద పెట్టింది దండగ.

పోటీని ఎలా పెట్టారన్నదాన్ని బట్టి ఉంటుంది. బ్రిటన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ క్యులినరీ ఆర్ట్స్ ఇచ్చే వార్షిక అవార్డుల్లో పిల్లలు ఒకరితో ఒకరు పోటీపడరు, నిర్ణయించిన ప్రమాణాన్ని అందుకోవాలి. అందుకున్నవాళ్ళందరికీ అవార్డు. వంట, పేస్ట్రీ, సర్వీస్ మూడింటికీ ఇదే పద్ధతి.

అమెరికాలో రిచర్డ్ గ్రౌస్‌మన్ 1990లో మొదలుపెట్టిన సీ-క్యాప్ (C-CAP) అనే సంస్థ ఇంకో దారి పట్టింది. ప్రభుత్వ హైస్కూల్ పిల్లలకు వంట నేర్పి, పోటీ పెట్టి, పైచదువుకి స్కాలర్‌షిప్‌లు ఇస్తుంది. న్యూయార్క్ ఫైనల్‌లో చికెన్ వంటకం, క్రెప్ (పల్చని ఫ్రెంచ్ అట్టు) రెండూ రెసిపీ చూడకుండా రెండు గంటల్లో చేయించడం దాని ఆనవాయితీ. స్కాలర్‌షిప్ ఒక్కరికే ఇచ్చి ఊరుకోరు. రాకపోయినా, ఆ రెండు వంటకాలు చేతికి వచ్చేశాయిగా.

అపోహ: ఛారిటీ అన్నది పేరుకే, అంతా కంపెనీల ప్రచారం.

కొన్నిచోట్ల నిజమే. యాప్రాన్ మీద, బ్యానర్ మీద బ్రాండ్ పేరు ఉంటే అది స్పాన్సర్‌షిప్. అది తప్పు కాదు, కానీ దానం వేరు. బ్రిటన్‌లోని సవాయ్ ఎడ్యుకేషనల్ ట్రస్ట్ పేరు వినగానే లండన్‌లోని సవాయ్ హోటల్ ప్రచారం అనుకుంటారు. అది హాస్పిటాలిటీ చదువుకు గ్రాంట్లు ఇచ్చే ఛారిటీ. కాలేజీల శిక్షణ వంటగదులకు, స్కాలర్‌షిప్‌లకు, పోటీలకు సాయం చేస్తుంది. అనుమానముంటే ఇంగ్లాండ్, వేల్స్‌లో రిజిస్టరైన ఛారిటీల వివరాలు ఛారిటీ కమిషన్ రిజిస్టర్‌లో ఉంటాయి. ఎవరైనా ఉచితంగా చూడొచ్చు.

దానానికి, స్పాన్సర్‌షిప్‌కి మధ్య ఈ గీత మన దేశంలోనూ ఉంది. కంపెనీల చట్టం 2013 ప్రకారం సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద వృత్తి నైపుణ్యాలు నేర్పడానికి ఖర్చు పెట్టొచ్చు. కానీ తమ ఉత్పత్తుల మార్కెటింగ్ కోసం ఇచ్చే స్పాన్సర్‌షిప్‌ని సీఎస్ఆర్‌గా చూపకూడదని 2021 సవరణ నిబంధనలు చెబుతున్నాయి.

అపోహ: ఇవన్నీ విదేశాల సంగతులు, మన పిల్లలకు అందవు.

వరల్డ్‌స్కిల్స్‌కి మనవాళ్ళను ఎంచే ఇండియాస్కిల్స్ పోటీలో వంటా ఉంది, రెస్టారెంట్ సర్వీసూ ఉంది. 2024లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జరిగిన వరల్డ్‌స్కిల్స్‌లో పేస్ట్రీ, హోటల్ రిసెప్షన్ విభాగాల్లో భారత్‌కు కాంస్య పతకాలు వచ్చాయి. హైదరాబాద్‌లో, తిరుపతిలో హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థలున్నాయి. అక్కడ చదివే పిల్లలకు సాయం చేయాలనుకుంటే గెలిచాక శాలువా కప్పడం కన్నా రాష్ట్ర స్థాయి పోటీకి కొన్ని నెలల ముందే వాళ్ళ టీచర్‌ని కలవండి. ప్రాక్టీస్ సరుకులకు ఎంతవుతుంది, ప్రయాణానికి ఎంతవుతుంది, వారానికి ఒకరోజు వచ్చి నేర్పే సీనియర్ వెయిటర్‌కి ఎంతివ్వాలి అని అడగండి. వరల్డ్‌స్కిల్స్‌లో చాలా విభాగాలకు వయోపరిమితి 22 ఏళ్ళు కాబట్టి మొదటి ఏడాది విద్యార్థులను కూడా లెక్కలో వేసుకోమని చెప్పండి.