ఏ టైంకి చేస్తే ఎత్తుతారు? సేల్స్ కాల్స్ మీద అపోహలు - వాస్తవాలు

సేల్స్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లు స్క్రిప్ట్ కంటే ముందు అడిగేది ఇదే, ఏ టైంకి చేస్తే ఎత్తుతారండీ అని. దీనికి జవాబుగా టీముల్లో ఏళ్ల తరబడి తిరుగుతున్న మాటలు కొన్నున్నాయి, వాటిలో చాలావరకు సగమే నిజం.

అపోహ: బుధ, గురువారాలు, సాయంత్రం 4 నుంచి 6, ఇదే గోల్డెన్ టైం, రీసెర్చ్‌లో తేలింది.

వాస్తవం: రీసెర్చ్ ఉన్నమాట నిజమే. 2007లో జేమ్స్ ఓల్డ్‌రాయిడ్ అనే పరిశోధకుడు ఇన్‌సైడ్‌సేల్స్ డాట్ కామ్ అనే సేల్స్ సాఫ్ట్‌వేర్ కంపెనీతో కలిసి చేశారు. కానీ అందులో చూసింది వెబ్‌సైట్‌లో ఫామ్ నింపి తమ నంబర్ తామే ఇచ్చినవాళ్ల లీడ్స్‌ని (లీడ్ అంటే కొనే అవకాశం ఉన్న మనిషి వివరాలు), మన పేరు కూడా తెలియనివాళ్లకి చేసే కోల్డ్ కాల్స్‌ని కాదు. దాన్ని పట్టుకొచ్చి కోల్డ్ లిస్టుకి తగిలించేశారు. అసలు అందులో పనికొచ్చే ముక్క వేరే ఉంది: ఫామ్ నింపిన 5 నిమిషాల్లో ఫోన్ చేస్తే మనిషి దొరికే అవకాశం, 30 నిమిషాలకి చేసినదానికంటే 100 రెట్లట. దీన్ని టీముల్లో పెద్దగా పట్టించుకోరు, ఎందుకంటే గోడ మీద వారం పేరు రాసుకోవడం తేలిక, లంచ్ మధ్యలో లేచి ఫోన్ తియ్యడం కష్టం. కాబట్టి లీడ్ వాళ్లంతట వాళ్లు వచ్చిందైతే టైం చూడొద్దు, రాత్రి వేళ కాకపోతే చాలు, వెంటనే ఫోన్ కొట్టండి.

అపోహ: అందరికీ పొద్దున్నే చేస్తే ఫ్రెష్‌గా ఉంటారు.

వాస్తవం: ఎవరికి చేస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది, నా లెక్కలో మొత్తం ఆట ఇక్కడే. కన్‌స్ట్రక్షన్ కాంట్రాక్టర్ సైట్‌లో పని మొదలుకాక ముందు దొరుకుతాడు, మొదలయ్యాక మిషన్ల చప్పుడులో మీ మాట ఆయనకి వినపడదు, ఆయన మాట మీకు వినపడదు. రెస్టారెంట్ ఓనర్‌కి మధ్యాహ్నం రష్ అయ్యాక, రాత్రి రష్ మొదలయ్యేలోపు కాస్త ఖాళీ ఉంటుంది. అకౌంట్స్ హెడ్‌కి నెలాఖర్లో ఏ గంటకి చేసినా తిట్లే. పెద్ద ఆఫీసుల్లో మేనేజర్ల మీటింగులు ఎక్కువగా గంట కొట్టగానే మొదలవుతాయి కాబట్టి సరిగ్గా 11కి చేస్తే కట్ చేస్తారు, 10:50 దాటాక చేస్తే ఒక మీటింగ్ ముగించి ఇంకోదానికి వెళ్తూ ఎత్తే ఛాన్స్ ఉంది, మాట్లాడేది రెండు నిమిషాలే అయినా అపాయింట్‌మెంట్ అడగడానికి అది చాలు. రిసెప్షన్‌లో ఆపేస్తున్నారా, ఆఫీస్ టైంకి కాస్త ముందో కాస్త తర్వాతో చేసి చూడండి, చాలాసార్లు బాసే ఎత్తుతాడు.

అపోహ: సోమవారం వద్దు, శుక్రవారం దండగ.

వాస్తవం: మనకి చెయ్యబుద్ధి కాని రోజులకి పెట్టుకున్న మర్యాదపూర్వకమైన పేర్లు ఇవి.

అపోహ: మూడుసార్లు ఎత్తలేదంటే ఇంట్రెస్ట్ లేదు.

వాస్తవం: ఆ మూడుసార్లూ ఏ టైంకి చేశారో చూసుకోండి. అన్నీ పదకొండింటికే అయితే మీకు తెలిసింది ఒక్కటే, పదకొండింటికి ఆయన బిజీ అని. ఒకటి పొద్దున, ఒకటి మధ్యాహ్నం, ఒకటి సాయంత్రం, అదీ వేర్వేరు రోజుల్లో చేసి అప్పుడు చెప్పండి. ఒకే రోజు వరసగా మిస్డ్ కాల్స్ పెడితే మాత్రం బ్లాక్ చేస్తారు, అది వాళ్ల తప్పు కాదు.

అపోహ: మన డేటా చూసుకుంటే బెస్ట్ టైం అదే తేలిపోతుంది.

వాస్తవం: తేలుతుంది, కానీ లెక్క సరిగ్గా పెడితే. పదింటికి 8 కాల్స్‌లో 3 ఎత్తారు, మూడింటికి 60 కాల్స్‌లో 12 ఎత్తారు అనుకోండి, పర్సంటేజీ చూసి పదే బెస్ట్ అని ఎగరొద్దు, 8 కాల్స్‌తో ఏమీ తేలదు, ఒక్కరు ఎక్కువ ఎత్తినా, ఒక్కరు తక్కువ ఎత్తినా పర్సంటేజీ బాగా మారిపోతుంది. పైగా ఎత్తడం వేరు, మాట్లాడటం వేరు. డ్రైవింగ్‌లో ఎత్తి తర్వాత చెయ్యండి అన్నవాళ్లు కూడా షీట్‌లో కనెక్టెడ్ అనే పడతారు. అందుకే డయల్ చేసినవి, ఎత్తినవి, నిజంగా మాట్లాడినవి, అపాయింట్‌మెంట్ ఇచ్చినవి నాలుగూ గంటలవారీగా వేరే కాలమ్స్‌లో పెట్టాలి.

ఇంకోటి, వేరే దేశానికి చేస్తుంటే టైం వాళ్లది చూడాలి, మనది కాదు. అమెరికాలో టెలీమార్కెటింగ్ రూల్ ప్రకారం ఇళ్లకి చేసే సేల్స్ కాల్స్ ఉదయం 8కి ముందు, రాత్రి 9 తర్వాత చెయ్యకూడదు, అదీ ఫోన్ ఎత్తేవాళ్ల గడియారం ప్రకారం. మొబైల్ నంబర్ ఏరియా కోడ్ చూసి ఊరు ఊహించకండి, మనుషులు ఊళ్లు మారుతారు, నంబర్ మారదు.

తర్వాత చెయ్యండి అన్నవాళ్లని సరే అని వదిలెయ్యకుండా, రేపు పదింటికా, సాయంత్రం నాలుగింటికా అని అక్కడే అడిగి రాసుకోండి, చెప్పిన నిమిషానికి చెయ్యండి.