కాకి వాలింది, జుట్టు రాలింది

మా అక్క కొడుక్కి ఇరవై మూడేళ్లు. ఎనిమిది నెలలుగా జిమ్‌కు వెళుతున్నాడు. సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు తలస్నానం చేసి వచ్చి, తడి వెంట్రుకలు తెల్ల కాగితం మీద పరిచి నా ముందు పెట్టాడు. "చూడండి మామయ్యా, బరువులెత్తడం మొదలుపెట్టాకే ఇలా రాలుతోంది. జిమ్ మానేయనా?" ఇద్దరం కూర్చుని లెక్కపెట్టాం. నలభై ఒకటి. ఎవరిని సలహా అడుగుతున్నాడో వాడు గమనించినట్లు లేదు. నా తలమీద జుట్టు మిగిలింది చెవుల చుట్టూ మాత్రమే.

నలభై ఒకటి పెద్ద లెక్క కాదు. తలమీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ఒక్కొక్కటి రెండు నుంచి ఆరేళ్లు పెరిగి, దాదాపు మూడు నెలలు విశ్రాంతి తీసుకుని రాలిపోతుంది. రోజుకు యాభై నుంచి వంద రాలడం మామూలే. రెండు రోజులు తల రుద్దుకోకపోతే ఆ బాకీ కూడా మూడోనాడు ఒకేసారి తీరుతుంది. అసలు చూడాల్సింది ఎన్ని రాలాయన్నది కాదు, ఎలాంటివి రాలాయన్నది. కాగితం మీద చాలావరకు పొడవైనవి, లావైనవి, కొనకు తెల్లటి బుడిపె ఉన్నవి. అవి ఆయుష్షు తీరి రాలినవి. వాటి మధ్య ఓ ఏడు మాత్రం పొట్టిగా, నూలుపోగుకన్నా సన్నగా ఉన్నాయి. ఆ ఏడింటి సంగతి తర్వాత చెబుతాను.

జిమ్‌లో వినబడే వాదం ఇది: బరువులెత్తితే టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోను పెరుగుతుంది, టెస్టోస్టెరాన్ పెరిగితే బట్టతల వస్తుంది. రెండు ముక్కల్లోనూ కొంత నిజముంది, అతికితేనే అబద్ధమవుతుంది. బరువైన స్క్వాట్లు చేశాక ఆ హార్మోను పెరగడం నిజమే. కానీ గంట తిరిగేలోగా మళ్లీ మొదటికే వస్తుంది. యువకుల్లో అది పొద్దున ఎక్కువగా, సాయంత్రానికి తక్కువగా ఉండటం రోజూ జరిగేదే. నెలల తరబడి సాధన చేసినా విశ్రాంతి సమయంలో ఉండే మోతాదులో చెప్పుకోదగ్గ మార్పు రాదు.

బట్టతల ఉన్నవాళ్ల రక్తంలో టెస్టోస్టెరాన్ ఎక్కువగా ఉంటుందన్నదీ అపోహే. ఒక్క విషయం ఆలోచిస్తే చాలు. నుదుటి మీదికీ మెడ వెనక్కీ పారేది ఒకే రక్తం. ముందు జుట్టు ఊడిపోయినవాడికి కూడా వెనక జుట్టు నిక్షేపంగా ఉంటుంది. 1950ల్లో న్యూయార్క్‌లో నార్మన్ ఓరెన్‌ట్రైక్ అనే చర్మవైద్యుడు వెనక కుదుళ్లు తీసి ముందు నాటి చూశాడు. అవి ముందు కూడా బతికి పెరిగాయి. నారు ఏ మడిలో నాటినా దాని గుణం దానిదే అన్నమాట. ఈనాటి జుట్టు మార్పిడి వ్యాపారమంతా ఆ ఒక్క గమనిక మీదే నడుస్తోంది.

కుదురు గుణాన్ని బయటపెట్టేది డీహెచ్‌టీ అనే మరో హార్మోను. టెస్టోస్టెరాన్‌ను ఫైవ్ ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైము డీహెచ్‌టీగా మారుస్తుంది. విచిత్రమేమిటంటే గడ్డాన్ని దట్టంగా పెంచేదీ, నడినెత్తి కుదుళ్లను కుదించేదీ ఇదే. డొమినికన్ రిపబ్లిక్‌లోని సాలినాస్ అనే ఊళ్లో ఈ ఎంజైము లోపంతో పుట్టిన పిల్లలు చూడటానికి ఆడపిల్లల్లా ఉండి, యుక్తవయసులో మగవాళ్లుగా ఎదుగుతారు. 1974లో జూలియన్ ఇంపెరాటో-మెక్‌గిన్లీ బృందం వాళ్లను అధ్యయనం చేసింది. వాళ్లలో గడ్డం పలచన, నుదుటి మీద జుట్టు మాత్రం వెనక్కి జరగదు. ఆ ఎంజైమును అడ్డుకునే ఫినాస్టెరైడ్ 1997లో అమెరికాలో బట్టతల మందుగా అనుమతి పొందింది.

అంతకు ముందే, 1942లో, జేమ్స్ హామిల్టన్ అనే అమెరికా శాస్త్రవేత్త ఇంకో మెలిక చూపించాడు. యుక్తవయసుకు ముందే వృషణాలు కోల్పోయినవాళ్లకు బట్టతల రాలేదు. వాళ్లకు టెస్టోస్టెరాన్ ఇస్తే కుటుంబంలో బట్టతల ఉన్నవాళ్లకు వచ్చింది, లేనివాళ్లకు రాలేదు. ఇంజెక్షన్లు ఆపేస్తే ఊడటం ఆగింది, పోయింది మాత్రం తిరిగి రాలేదు. హార్మోను లేనిదే బట్టతల లేదు, కానీ వంశంలో లేనివాడిని హార్మోను ఏమీ చేయలేదు.

వంశం అనగానే మా అక్క నా వైపు చూసింది. మేనమామ పోలిక అని మనవాళ్లు ఊరికే అనలేదు. హార్మోను పిలుపు అందుకునే గ్రాహకపు జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మగపిల్లవాడికి అది తల్లి నుంచే వస్తుంది. అయితే లెక్క వేస్తే నా మీద పడే అనుమానం నాలుగో వంతే. వాడి తాతయ్య, అంటే మా నాన్న నుంచి ఆ జన్యువు వచ్చే అవకాశం సగం. మిగతా కథంతా ఎక్స్ మీదే లేదు కూడా. 2017లో బ్రిటన్‌లో 52,000 మంది మగవాళ్ల జన్యువులు గాలిస్తే బట్టతలతో ముడిపడ్డ చోట్లు 287 దొరికాయి. వాటిలో ఎక్స్ మీదివి 40. తండ్రి వైపు వాళ్లు కూడా తప్పించుకోలేరు.

అయినా జిమ్ మీదే అనుమానం ఎందుకు? ఇరవైల్లో కుర్రాళ్లు జిమ్‌లో చేరతారు, వంశపు బట్టతల తొలిసారి తొంగిచూసేదీ ఇరవైల్లోనే. కాకి వాలగానే తాటిపండు రాలినట్టు. కాకతాళీయం అన్న మాట పుట్టింది ఇలాంటి వాటికే.

అలాగని జిమ్ చుట్టూ తిరిగే ప్రతిదీ అమాయకం కాదు. కండబలం కోసం జిమ్‌వాళ్లు తినే క్రియేటిన్ పొడి జుట్టు ఊడగొడుతుందన్న నిందకు మూలం 2009లో దక్షిణాఫ్రికాలో 20 మంది కాలేజీ రగ్బీ ఆటగాళ్ల మీద జరిగిన పరిశోధన. వారంపాటు రోజుకు 25 గ్రాములు తీసుకున్నాక డీహెచ్‌టీ 56 శాతం పెరిగింది. వాళ్ల జుట్టును మాత్రం ఎవరూ కొలవలేదు. 2025లో ఇరాన్‌లో 45 మందితో మొదలుపెట్టి 12 వారాలు రోజుకు 5 గ్రాములిచ్చి జుట్టును కూడా కొలిచారు. ఉత్తుత్తి పొడి తిన్నవాళ్లకూ వీళ్లకూ తేడా కనబడలేదు. నా లెక్కలో క్రియేటిన్ దాదాపు నిర్దోషి.

కండల కోసం వేసుకునే స్టెరాయిడ్ ఇంజెక్షన్ల విషయం వేరు. అవి గంటలో దిగిపోయే పెరుగుదల కావు. శరీరం తయారుచేసుకునే దానికి ఎన్నో రెట్లు, రాత్రీపగలూ. వంశంలో బట్టతల ఉన్నవాడికి పదేళ్ల తర్వాత రావాల్సింది నెలల్లో రావచ్చు. స్టానోజొలాల్ లాంటి స్టెరాయిడ్లు నేరుగా డీహెచ్‌టీ సంతతే కాబట్టి వాటి ముందు ఫినాస్టెరైడ్ కూడా పనిచేయదు. జుట్టుతో పోతే అదృష్టమే. వృషణాలు కుంచించుకుపోవడం, గుండె దెబ్బతినడం జుట్టులా అద్దంలో కనబడవు.

"అవేమీ వాడలేదు మామయ్యా, ఒట్టు" అన్నాడు. సరే, ఏం తిన్నావని అడిగాను. దసరా నుంచి అన్నం మానేశాడట. గుడ్డు తెల్లసొన, ఓట్సు, కీరదోస. రెండు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాడు. శరీరానికి కరువొస్తే పెరుగుతున్న కుదుళ్లు మూకుమ్మడిగా విశ్రాంతిలోకి వెళతాయి, రెండు మూడు నెలల తర్వాత రాలతాయి. విషజ్వరం వచ్చి తగ్గాక, కాన్పు తర్వాత జరిగేది కూడా ఇదే. దసరా నాటి ఆకలి సంక్రాంతికి దువ్వెనలో కనబడుతోంది. కడుపునిండా తింటే ఈ జుట్టు మళ్లీ వస్తుంది.

ఇక ఆ ఏడు వెంట్రుకలు. రాలిన ప్రతిసారీ మరింత సన్నగా మొలిచే కుదుళ్లవి అవి. చర్మవైద్యులు నడినెత్తి మీద చిన్న భూతద్దం పెట్టి వెతికేది వీటినే. ఆ మాట చెప్పాక వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత తలెత్తి, గోడ మీద ఉన్న మా నాన్న ఫొటో వైపు చూశాడు. అందులో తాతయ్య తలపాగా చుట్టుకుని ఉన్నాడు. దాని కింద ఏముండేదో నాకు తెలుసు. వాడు అడగలేదు, నేను చెప్పలేదు.