పసుపు నీళ్ళూ, నూతి గట్టున స్లీపర్లూ

కొత్తవలస నుంచి ఒక పాఠకుడు రాశారు: "వేలంలో కొన్న పాత రైల్వే చెక్క స్లీపర్లు నూతి గట్టున వేశాం. వానొస్తే తారు వాసన. నుయ్యి నీళ్ళు టెస్టు చేయిస్తే సరిపోతుందా?"

నీళ్ళ టెస్టు ఈరోజు నూతిలో ఏముందో చెబుతుంది, అంతే. స్లీపరు ముందుముందు ఎంత వదులుతుందో తెలియాలంటే చెక్కనే పరీక్షించాలి. అదే లీచింగ్ టెస్టు. బూడిద, పాత తారురోడ్డు పెచ్చులు, కాంక్రీటు ముక్కలు, దేనికైనా చేస్తారు. స్లీపరు చెక్క చెడకుండా పట్టించే క్రియోసోట్ బొగ్గు తారు నుంచి తీసిన నూనె. అందులో ఎక్కువ భాగం పీఏహెచ్‌లు, అంటే బెంజీన్ వలయాలు ఒకదానికొకటి అతుక్కున్న సేంద్రియ పదార్థాలు.

ఇవి నీళ్ళలోకి ఎలా వస్తాయో అర్థం కావడానికి పసుపు పనికొస్తుంది. చెంబుడు నీళ్ళలో చిటికెడు వేస్తే నీరంతా పచ్చబడుతుంది. కరిగిపోయిందనుకుంటాం. రాత్రంతా కదపకుండా ఉంచితే అడుక్కి దిగిపోతుంది. పసుపులోని కర్క్యుమిన్ నీటిలో దాదాపు కరగదు, పొడి రేణువుల్ని పట్టుకునే తిరుగుతుంది. బడిలో కరిగేవి, కరగనివి అని రెండు జాబితాలు బట్టీ పట్టిస్తారు గానీ ఈ మూడో రకం గురించి చెప్పరు. పీఏహెచ్‌లలో కలరా ఉండల నాఫ్తలీన్‌కి రెండు వలయాలు, లీటరు నీటిలో సుమారు 30 మిల్లీగ్రాములు కరుగుతుంది. ఐదు వలయాల బెంజోపైరీన్ మిల్లీగ్రాములో వందో వంతు కూడా కరగదు. అయినా మట్టి రేణువుల్నీ, కుళ్ళిన ఆకుల హ్యూమిక్ పదార్థాన్నీ పట్టుకుని నీళ్ళలోకి వచ్చేస్తుంది.

టెస్టులో తలనొప్పంతా దీనితోనే. నలగ్గొట్టిన సరుకు కిలోకి 2 లీటర్లో 10 లీటర్లో నీరు పోసి, 24 గంటలు తిప్పడం ఒక పద్ధతి. ఆ రాపిడికి నుసి పుట్టి, అంకె ఉన్నదానికన్నా పెరిగిపోతుంది. అందుకే నాకు గొట్టం పద్ధతి ఇష్టం. గాజు లేదా స్టీలు గొట్టంలో సరుకు నింపి, నీటిని అడుగు నుంచి పైకి నెమ్మదిగా పంపుతారు. గాలి బయటికి పోతుంది, నీరు ఒక్క దారే చూసుకుని జారిపోదు. తర్వాత వడకట్టాలి. లోహాలకి వాడే 0.45 మైక్రాన్ల పొర ఇక్కడ పీఏహెచ్‌లని తానే పీల్చుకుంటుంది. కాబట్టి గ్లాస్ ఫైబర్ ఫిల్టరో, గిర్రున తిప్పి నుసిని అడుక్కి దించే సెంట్రిఫ్యూజో వాడతారు. పసుపు పోసిన ప్లాస్టిక్ డబ్బా ఎన్నిసార్లు తోమినా పచ్చగానే ఉంటుంది కదా, కారణం అదే.

ఇంకొకటి. పసుపులో సున్నం కలిపితే ఎర్రనీళ్ళు. దిష్టి పోతుందో లేదో గానీ మంచి కెమిస్ట్రీ! క్షారం తగిలి కర్క్యుమిన్ ప్రోటాన్ వదిలేస్తుంది, రుణావేశం వచ్చి నీటికి దగ్గరవుతుంది. క్రియోసోట్‌లోని ఫీనాల్, క్రెసాల్‌లకీ పీహెచ్ 10 దాటితే ఇదే జరుగుతుంది. కొత్త కాంక్రీటు తడిలో పీహెచ్ 12 పైనే. నాఫ్తలీన్‌కి వదలడానికి అలాంటి ప్రోటాన్ లేదు కాబట్టి నేరుగా తేడా రాదు. కానీ హ్యూమిక్ పదార్థం క్షారంలో బాగా కరుగుతుంది, పెద్ద పీఏహెచ్‌లని వెంటబెట్టుకుని పోతుంది.

కాబట్టి ఆ స్లీపర్లు నూతి గట్టు మీంచి తీసేయండి. పొయ్యిలో పెట్టొద్దు, ఆ పొగ మరీ చెడ్డది. నీళ్ళ టెస్టు కూడా మానొద్దు. ముదురు రంగు గాజు సీసాలో అంచుదాకా నింపి, చల్లగా ఉంచి పంపండి. ల్యాబు వాళ్ళు ప్లాస్టిక్ సీసా చేతికిస్తే, పీఏహెచ్‌లకి కూడా ఇదేనా అని ఒక్కమాట అడగండి.