ఫోన్ చెప్పేస్తుంటే పిల్లలు బుర్ర బద్దలుకొట్టుకోవాలా? అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో హైస్కూలు పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతాను. నా దగ్గరికొచ్చే పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. తల్లిదండ్రుల నోట ఈమధ్య తరచుగా వినే మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: "ఫోటో తీస్తే ఫోన్లో లెక్క మొత్తం వచ్చేస్తాది. గుంటడిని అరగంట అలా కూర్చోబెట్టడం ఏటి మాస్టారూ?"

వాస్తవం: ఫోన్లో జవాబు చాలాసార్లు సరిగ్గానే వస్తుంది. పిల్లాడికి లెక్క రావడం వేరే సంగతి. తుర్కియేలో సుమారు వెయ్యిమంది హైస్కూలు విద్యార్థులపై చేసిన లెక్కల పరిశోధన ఒకటి 2025లో అచ్చయింది. అడిగిందల్లా చెప్పేసే ఏఐ చాట్‌బాట్ చేతికిస్తే, అభ్యాసంలో 48 శాతం మెరుగ్గా చేశారు. దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలు వాడనివాళ్ల కంటే 17 శాతం వెనకబడ్డారు. తాము తక్కువ నేర్చుకున్నామన్న సంగతి ఆ పిల్లలకే తెలియలేదు; నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే. ఇంకో గుంపుకు మాత్రం టీచర్లు రాసిచ్చిన సూచనలతో, జవాబు చెప్పకుండా దారి చూపే చాట్‌బాట్ ఇచ్చారు. వాళ్లకు ఆ నష్టం దాదాపు తప్పింది. కాబట్టి ఫోన్‌ని తిట్టి లాభం లేదు. ఆలోచించే పని ఎవరు చేస్తున్నారో చూడాలి.

అపోహ: పాఠం నాలుగుసార్లు చదివితే, వీడియో రెండుసార్లు చూస్తే వచ్చేసినట్టే.

వాస్తవం: అప్పటికి వచ్చినట్టే ఉంటుంది. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే మనస్తత్వవేత్తలు కాలేజీ విద్యార్థులతో ఇది పరీక్షించారు. ఒక పాఠాన్ని కొందరు మళ్లీ చదివారు, కొందరు పుస్తకం మూసి గుర్తున్నంత రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత వాళ్లకు 42 శాతం గుర్తుంటే, మూసి రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది. గుర్తురాక తన్నుకులాడిన ఆ కాసేపే పాఠాన్ని నిలబెట్టింది.

అపోహ: కాలిక్యులేటర్ ఉండగా ఎక్కాలెందుకు?

వాస్తవం: 14వ ఎక్కం వచ్చిన పిల్లకు 84/126 అనే భిన్నం చూడగానే 6/9 కనిపిస్తుంది. భిన్నాన్ని కొట్టేసి ముందుకెళ్తుంది. రాని పిల్ల అక్కడే ఆగి, తానేం చేస్తోందో మరిచిపోతుంది.

అపోహ: కష్టపడితేనే చదువొస్తుంది. ఎంత కష్టపెడితే అంత మంచిది.

వాస్తవం: ఇది పెద్దల మాట. నేను అన్నిటికన్నా గట్టిగా కాదనేది దీన్నే. మా ఊళ్లో పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులుగారినే చూడండి. 1880లో ఇక్కడ రాజావారి బడిలో పంతులుగా చేరారు. ఇక్కడి కొండల్లో ఉండే సవరల భాషకు అప్పటికి పుస్తకం లేదు, నిఘంటువు లేదు. తెలుగు తెలిసిన సవరను ఇంట్లో పెట్టుకుని, విని, పలికి, తప్పులు దిద్దుకుంటూ నేర్చుకున్నారు. దశాబ్దాల శ్రమ తర్వాత 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి. ఆ భాష కోసం అడవుల్లో తిరిగినప్పుడే మలేరియా సోకింది. దానికి వాడిన క్వినైన్‌తో వినికిడి పోయింది. మాట మాటనీ పట్టుకోవడానికి పడిన పాటు ఆయన్ని పండితుణ్ణి చేసింది. జ్వరం, చెవుడు ఆయనకేమీ నేర్పలేదు. ఈరోజు మందూ దోమతెరా దొరుకుతుంటే వద్దంటామా?

అందుకే ఒడియాలో ఉన్న ప్రశ్న అర్థంకాక పిల్లాడు ఆగిపోతే వెంటనే తెలుగులో చెప్పేస్తాను. లెక్కల గంటలో ఆ అవస్థ వృథా. దానికి ఫోన్లో అనువాదం వాడినా నాకు అభ్యంతరం లేదు. సమీకరణం ఎలా కట్టాలన్న దగ్గర ఆగితే మాత్రం చెప్పను. పెన్నుతో ప్రయత్నించాలి, తప్పయినా సరే. తర్వాత ఫోన్ చూడొచ్చు. చూశాక దాన్ని బోర్లా పెట్టి అదే లెక్క మొదట్నుంచి చేయాలి. పిల్లలు సణుగుతారు, నిజమే. అలా చేసిన లెక్కను వారం తర్వాత అడిగినా చేసి చూపిస్తున్నారు.

ఇంటి దగ్గర మీవాడు లెక్క ముందు బిక్కమొహం వేసుకుని కూర్చుంటే జాలిపడి జవాబు అందించకండి. "ఎక్కడ ఆగావు?" అని అడగండి. ఆ చోట గీత పెట్టి పంపండి, మర్నాడు అక్కణ్ణుంచే మొదలుపెడతాను.