తొట్టెలో నీళ్లు, గదిలో గాలి

రాజోలు ప్రాంతం నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. కొత్తగా కట్టిన మేడ మీద సినిమాలు చూడడానికే ఒక గది వేయించారట. పొడవు 20 అడుగులు, వెడల్పు 10, ఎత్తు 10. కింద టైల్స్, పైన స్లాబు, చుట్టూ సిమెంటు గోడలు. స్పీకర్లు మంచివే. అయినా డప్పు మోగే సన్నివేశం రాగానే గదంతా ఒకే శ్రుతిలో మూలుగుతోంది, మాటలు ఆ మూలుగులో మునిగిపోతున్నాయి. ఆంప్లిఫయర్ మార్చారు. ఖరీదైన వైర్లు వేశారు. కోళ్లఫారం నుంచి గుడ్ల అట్టలు తెచ్చి గోడలకు అంటించారు. వాస్తు చూసే ఆయన చెప్పారని, మంద్ర స్వరాలు పలికించే స్పీకరైన వూఫర్‌ను ఆగ్నేయ మూలకు జరిపారు. మూలుగు ఇంకా పెరిగింది. చివరలో ఇలా రాశారు: "ఉక్క భరించలేక తలుపు బార్లా తీసిన రోజున మాత్రం కాస్త నయంగా ఉంది మాస్టారూ. ఎందుకంటారు?"

ఈ చివరి వాక్యం చదివి నాకు పట్టరాని సంతోషం కలిగింది. తలుపు తీస్తే తేడా వచ్చిందని గమనించారంటే సగం పరిశోధన ఆయనే చేసేశారు. ఏ టీవీ కొనాలి, ఎన్ని స్పీకర్లు పెట్టాలి అన్నవి కొట్టువాళ్లు నాకంటే బాగా చెబుతారు. వాళ్లు చెప్పనిది ఒకటుంది. ఆ ఇంట్లో మూలుగుతున్నది స్పీకరు కాదు, గది.

పశువుల కోసం కట్టిన పొడవాటి సిమెంటు తొట్టె దగ్గరకు రండి. సగానికి పైగా నీళ్లు పోసి, ఒక చివర అరచేత్తో నెమ్మదిగా నొక్కి వదలండి. అల అవతలి గోడకు తగిలి తిరిగొస్తుంది. అది తిరిగొచ్చే వేళకు సరిగ్గా మళ్లీ నొక్కండి. నాలుగైదు సార్లకే నీళ్లు ఒక చివర పైకి లేస్తే రెండో చివర కిందికి దిగుతూ ఊగిపోతాయి, గట్టు దాటి ఒలికిపోతాయి. మీరు పెట్టిన బలం కొంచెమే. వేళ కుదిరింది, అంతే. ఇప్పుడు తొట్టె నడిమధ్య చూడండి. అక్కడ నీటి మట్టం పెరగదు, తరగదు. అలాగని అక్కడి నీళ్లు కదలడం లేదనుకోకండి, ఒక గడ్డిపరక వేస్తే అటూ ఇటూ పరుగులు తీస్తుంది. చివరల్లో దీనికి తారుమారు: మట్టం ఎగిరిపడుతుంది, పక్కకు కదలిక ఉండదు. గోడ ఉండగా నీళ్లు ఎటు పోతాయి?

గదిలో గాలి కూడా ఇదే పని చేస్తుంది. నీటి మట్టం స్థానంలో పీడనం అని చదువుకోండి, ఒక్క అక్షరం మార్చనవసరం లేదు. గోడల దగ్గర పీడనం విపరీతంగా హెచ్చి తగ్గుతుంది, మధ్యలో పీడనం మారదు కానీ గాలి అటూ ఇటూ కదులుతుంది. మన చెవి పసిగట్టేది పీడనంలో మార్పునే. అందుకే గోడకు ఆనుకుని కూర్చున్నవారికి మోత, మధ్యలో కూర్చున్నవారికి అదే స్వరం దాదాపు శూన్యం. ఇవే స్థిర తరంగాలు. ఇంటర్మీడియట్ విద్యార్థులకు గాజు గొట్టం, శ్రుతిదండం ఇచ్చి, గొట్టంలోని గాలి ఒక్కసారిగా గట్టిగా మోగే అనునాదం ప్రయోగం చేయిస్తాం, ధ్వని వేగం లెక్క కట్టిస్తాం, మార్కులు వేస్తాం. ఆ పిల్లవాడు నిలబడిన ప్రయోగశాల కూడా ఒక పెద్ద గొట్టమేనని ఎందుకు చెప్పం? ఏళ్ల తరబడి నేనూ చెప్పలేదు. అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఇక లెక్క. 30 డిగ్రీల గాలిలో ధ్వని సెకనుకు సుమారు 349 మీటర్లు, అంటే 1145 అడుగులు పోతుంది. (కోనసీమ గాలిలోని తేమ దీన్ని ఇంకాస్త పెంచుతుంది. తేమ గాలి బరువని చాలామంది అనుకుంటారు. నిజానికి అదే ఉష్ణోగ్రత వద్ద పొడి గాలి కంటే తేలిక, ఎందుకంటే నీటి అణుభారం 18, నత్రజనిది 28. కానీ ఆ పెరుగుదల నూటికి ఒక వంతు కూడా ఉండదు, వదిలేద్దాం.) అల వెళ్లి తిరిగి రావాలి కాబట్టి 1145లో సగం, సుమారు 572ను గది కొలతతో భాగిస్తే అతి తక్కువ ఊగు పౌనఃపున్యం (సెకనుకు ఎన్ని ఊగులో ఆ లెక్క, కొలమానం హెర్ట్జ్) వస్తుంది. ఆయన గది పొడవు 20, కాబట్టి 28.6 హెర్ట్జ్. దానికి రెట్టింపు దగ్గర కూడా ఊగుతుంది, అది పొడవులో రెండో ఊగు: 57.2. వెడల్పు 10, కాబట్టి 57.2. ఎత్తు కూడా 10, మళ్లీ 57.2!

మూడు ఊగులూ ఒకే స్వరం మీద వచ్చి కూర్చున్నాయి. వూఫర్లు హాయిగా పలికే చోటు అది. అక్కడ గది ఆ ఒక్క స్వరాన్ని పట్టుకుని, వూఫర్ ఆగాక కూడా వదలకుండా సాగదీస్తుంది. అదే గది 16 అడుగుల పొడవు, 13 వెడల్పు, 10 ఎత్తుతో కట్టి ఉంటే మొదటి ఊగులు దాదాపు 36, 44, 57 హెర్ట్జ్ దగ్గర విడివిడిగా పడేవి. పునాది వేయకముందే ఈ భాగహారం చేసుకోవచ్చు. ఒక కొలతకు ఇంకొకటి సమానంగానో సరిగ్గా రెట్టింపుగానో లేకుండా చూసుకోండి. చతురస్రపు గది శుభమని ఎవరు చెప్పినా, పాట వినడానికి అది మంచిది కాదు.

ఆగ్నేయం అగ్నిస్థానమని, కరెంటు సామాను అక్కడే ఉండాలని అంటారు. ధ్వనికి తూర్పు పడమరలు లేవు, మూల మాత్రం ఉంది. మూల అంటే పొడవుకు, వెడల్పుకు, ఎత్తుకు మూడింటికీ చివర. తొట్టె చివర నొక్కితేనే కదా నీళ్లు బాగా ఊగింది! వూఫర్‌ను మూలలో పెడితే మూడు ఊగులనూ ఒకేసారి తట్టి లేపినట్టే. ఈశాన్యంలో పెట్టినా నైరుతిలో పెట్టినా ఇదే జరిగేది.

గుడ్ల అట్టలు ఎందుకు పనిచేయలేదో కూడా తొట్టే చెబుతుంది. అట్ట అయినా పరుపు అయినా ధ్వనిని పీల్చేది, కదిలే గాలి దాని రంధ్రాల్లో రాపిడికి లోనైనప్పుడు. గోడను ఆనుకుని గాలి కదలదని చూశాం. 57 హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం, అంటే ఒక పూర్తి అల పొడవు, 20 అడుగులు. గాలి బాగా కదిలేది దానిలో నాలుగో వంతు, అంటే గోడకు 5 అడుగుల దూరంలో. రెండంగుళాల అట్ట గోడకు అంటుకుని చేయగలిగింది ఏమీ లేదు.

తలుపు సంగతికి వద్దాం. 1895లో అమెరికాలోని హార్వర్డ్‌లో ఒక ఉపన్యాసశాల కట్టారు. అందులో మాట అన్నాక అయిదు సెకన్లకు పైగా మోగుతూనే ఉండేది. వాలెస్ సబీన్ అనే యువ భౌతికశాస్త్ర అధ్యాపకుడికి ఆ చిక్కు అప్పగించారు. ఆయన రాత్రిళ్లు పక్క థియేటరు నుంచి కుర్చీల మెత్తలు మోయించుకొచ్చి, ఆర్గన్ గొట్టం ఊది, గడియారం పట్టుకుని ప్రతినాదం, అంటే ఊదడం ఆపాక మిగిలే మోత, ఎంతసేపుందో చెవితోనే కొలిచాడు. ఆయన శోషణకు, అంటే ధ్వనిని పీల్చుకోవడానికి, ఎంచుకున్న ప్రమాణం నాకు ఎంతో ఇష్టం: తెరిచిన కిటికీ! బయటికి పోయిన ధ్వని తిరిగి రాదు కనుక అది సంపూర్ణ శోషణ. మన మండువా లోగిళ్లు గుర్తు తెచ్చుకోండి. నడుమ ఆకాశానికి తెరిచిన మండువా, పైన పెంకులు, సందుల్లోంచి గాలి. అరుగు మీద రేడియో పెడితే మాట ఎంత స్పష్టంగా వినిపించేదో నాకు బాగా గుర్తు. ఇప్పుడు ఆ ఇళ్లు పడగొట్టి, అన్ని వైపులా మూసిన స్లాబు గదులు కట్టి, వాటిలో వూఫర్లు పెడుతున్నాం. తలుపు తీయగానే రాజోలు గదికి కూడా చిన్న మండువా దొరికిందన్నమాట.

కానీ దోమల కాలంలో తలుపు తీసి సినిమా చూడమనలేను కదా. సోఫాను వెనుక గోడ నుంచి 5 అడుగులు ముందుకు జరపమని, వెడల్పుకు సరిగ్గా మధ్యలో ఉంచమని, వూఫర్‌ను మూలలోంచి తీసి ముందు గోడ మధ్యకు మార్చమని రాశాను. వెనుక నుంచి 5 అడుగుల చోటు పొడవులో రెండో ఊగుకు అస్పందన స్థానం (పీడనం మారని చోటు), వెడల్పు మధ్య వెడల్పు ఊగుకు అస్పందన స్థానం. మూడింటిలో రెండు అక్కడ చెవికి అందవు. మధ్యలో ఉన్న వూఫర్ వెడల్పు ఊగును దాదాపు లేపదు. మూడోది, ఎత్తుది, సగం మిగులుతుంది. కూర్చున్న మనిషి చెవి నేల నుంచి మూడున్నర అడుగుల దగ్గర ఉంటుంది కాబట్టి.

గది కొలతలు చిక్కుగా ఉన్నవారికి లెక్క లేని దారి ఒకటుంది. వూఫర్‌ను ఎత్తి సోఫాలో, మీరు కూర్చునే చోట పెట్టండి. పాట వేసి మీరు గోడల వెంబడి మోకాళ్ల మీద పాకండి. దరువు ఎక్కడ బిగువుగా, తేటగా వినిపిస్తే అదే వూఫర్ స్థలం. తొట్టెలో ఇక్కడ నొక్కి అక్కడ చూసినా, అక్కడ నొక్కి ఇక్కడ చూసినా ఊగు ఒక్కటే. భౌతికశాస్త్రవేత్తలు హెల్మ్‌హోల్ట్జ్, రేలీలు 19వ శతాబ్దంలో దీన్ని గణితంతో నిరూపించారు.

పది రోజులకు ఆయన నుంచి జవాబు వచ్చింది. మూలుగు చాలావరకు పోయింది, మాటలు తేటగా వినిపిస్తున్నాయి. సోఫా మధ్యలో వాళ్ల అమ్మగారు కూర్చుంటున్నారు. సోఫా అంచుల్లో కూర్చునే పిల్లలకు మాత్రం ఇంకా కొంచెం మోత ఉందట. వాళ్లను నేల మీద చాప వేసి నాయనమ్మకు ఎదురుగా మధ్యలో కూర్చోబెట్టమని ఈ రోజే రాశాను.